తోక వదిలిన కారు

"వచ్చేశాడు! స్ట్రెచర్ మీద వచ్చేశాడు!"

ఫోన్‌లో చీఫ్ విప్ కేక. చెవి చిల్లుపడేలా ఉంది!

ఆమె ఎడంచేత్తో ఫోన్‌ని చెవికి నొక్కుకుంటుంది. కుడి మోచేత్తో జనాన్ని ఆపుతోంది.

"ఎవరు సార్?"

"ముసలాయనమ్మా! గుండె ఆపరేషన్ అయినాయన! సెలైన్ బాటిల్‌తో సహా సభలోకి మోసుకొచ్చాం. లెక్క సరిపోయింది! అటు ఎంతమందో ఇటూ అంతమందే. ఇక పెద్దాయన ఒక్కడొచ్చి చెయ్యెత్తితే చాలు... గెలిచాం!"

గెలిచాం!

ఆ మాటకి ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపిస్తుంది. నడుముకి తుపాకి. ఒంటిమీద యూనిఫాం. గంతెయ్యడం కుదరదు. బూటులో కాలివేళ్లు మాత్రం ఆడించి ఊరుకుంటుంది.

పెద్దాయన అంటే ప్రధాని. దేశమంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఆమె ఆయన బాడీగార్డ్. ఆయన జనంలోకి వెళితే ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది. ఎందుకంటే ఆయన రెండు చేతులూ అప్పుడు జనం చేతుల్లో ఉంటాయి.

ఇప్పుడూ అంతే.

ఆస్పత్రి వార్డు. మంచాలు చాలక నేలమీద కూడా పరుపులు. పొద్దున పెట్రోల్ బంకు క్యూలో తొక్కిసలాట జరిగింది. దెబ్బలు తిన్నవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. వెళ్లొద్దు సార్, తిడతారు అని అందరూ చెప్పారు. ఆయన వినలేదు.

కాలికి కట్టుకట్టించుకున్న ముసలామె ఆయన చొక్కా పట్టుకుని ఊపేస్తోంది.

"నీ పాలన తగలెయ్య! డబ్బాడు పెట్రోలు కోసం కాలు విరిగింది నాకు! కరెంటు లేదు, గ్యాసు లేదు... ఏం చేస్తున్నావయ్యా కుర్చీలో కూచుని?"

"తప్పేనమ్మా. తప్పే."

"తప్పే అంటే కాలు అతుక్కుంటుందా?"

అంటూనే ముసలామె ఆగిపోతుంది. ఆయన చెంప తడుముతుంది.

"చిక్కిపోయావేంట్రా నాయనా... తిండన్నా తింటున్నావా?"

వార్డంతా ముక్కులు ఎగబీల్చడమే! తిట్టిన నోళ్లే దీవిస్తున్నాయి. ఆయన మొహం వెలిగిపోతోంది. జనం ముట్టుకుంటే ఆయనకి వయసు తగ్గిపోతుంది. ఇది ఆమె రోజూ చూసేదే. చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగుతుంది.

"సార్, ఓటింగ్ రేపు కాదట. ఈ సాయంత్రమేనట. మీరు ఇటు బయల్దేరగానే స్పీకర్ మార్చేశారు."

పెద్దాయన నవ్వు ఆగిపోతుంది.

"లెక్క?"

"సరిసమానం సార్. మీ ఓటు పడితే గెలుపు."

"నేను లేకపోతే?"

"అప్పుడు స్పీకర్ ఓటేస్తారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. స్పీకర్ ఎవరి మనిషో ఇద్దరికీ తెలుసు.

వియ్యంకుడి మనిషి!

వియ్యంకుడంటే హోంమంత్రి. పెద్దాయన కూతుర్ని ఇచ్చింది ఆయన కొడుక్కే. పెళ్లిలో భుజమ్మీద చెయ్యేసి ఫోటోలు దిగినాయన... ఇప్పుడు కుర్చీకి చెయ్యేశాడు. అవిశ్వాసం పెట్టించింది ఆయనే.

"ఇంకా ఎంత టైముంది అమ్మాయ్?"

"మనవాళ్లు ఉపన్యాసాలతో సాగదీస్తున్నారు సార్. అవి కాగానే గంట మోగుతుంది. మోగినంతసేపే తలుపులు తీసుంటాయి. ఆగిందంటే... గడియ!"

పెద్దాయన ముసలామె చేతిలోంచి చొక్కా మెల్లగా విడిపించుకుంటాడు.

"పద!"

* * *

ఆస్పత్రి గుమ్మం. చీకటి పడుతోంది. వీధి దీపాలు సగమే వెలిగాయి.

మూడు కార్లు బారుగా నిలబడి ఉన్నాయి. ముందు పైలట్ కారు. మధ్యలో పెద్దాయన కారు. వెనక గార్డుల కారు.

పైలట్ కారు నడిపేవాణ్ని అందరూ తోకచుక్క అంటారు. ఎప్పుడూ ముందు పరిగెడతాడు, మిగతావాళ్లంతా వాడి తోక పట్టుకుని వెళ్లాలి కాబట్టి ఆ పేరు పెట్టారు.

తోకచుక్క ఆమె మొగుడు.

పెళ్లై నెల తిరగలేదు. ఇంట్లో ఇంకా రెండే గ్లాసులు. మూడోది కొందామంటే వద్దంటాడు. ఉన్న రెండింట్లో ఒకటి పగిలితే బాగుండునట! పొద్దున ఆమె యూనిఫాం తనే ఇస్త్రీ చేశాడు. చొక్కా చేతికి ఒక మడత ఉండాల్సింది. రెండు తెప్పించాడు. ఆ దొంగ మడత చూసుకుని ఆమె పొద్దుట్నుంచీ నవ్వుకుంటూనే ఉంది.

ఆమె మధ్య కారు ముందు సీట్లోకి దూకుతుంది. పెద్దాయన వెనక కూర్చుంటాడు.

"పోనీ బాబాయ్!"

స్టీరింగ్ దగ్గర డ్రైవర్ బాబాయ్. ప్రధానుల్ని మోసీ మోసీ తల నెరిసిన మనిషి. ఆయనకి తెలిసింది ఒకటే. ముందున్న కారు తోక! పైలట్ తిరిగితే తిరగాలి. ఆగితే ఆగాలి. రోడ్డు చూడకూడదు, బోర్డులు చూడకూడదు. కాన్వాయ్‌లో మొదటి పాఠమే అది.

ఏ దారిన వెళ్లాలో కంట్రోల్ రూమ్ ఒక్క పైలట్ చెవిలోనే చెబుతుంది. ఇంకెవరికీ చెప్పదు. ప్రధానికి కూడా చెప్పదు! ఎంత తక్కువమందికి తెలిస్తే ప్రాణానికి అంత భద్రం.

కార్లు కదులుతాయి.

రోజూ కదిలే ముందు పైలట్ కారు బ్రేక్ లైట్లు రెండుసార్లు మెరుస్తాయి. అందరూ అది బ్రేక్ చెకింగ్ అనుకుంటారు. కాదు. అది ఆమెకి! ఒక మెరుపు "ఏమోయ్", రెండో మెరుపు "శ్రీమతిగారూ".

ఈ సాయంత్రం మెరవలేదు.

కంగారులో మర్చిపోయుంటాడు. అంతే అనుకుంటుంది.

సైరన్!

రోడ్డు తోసుకుంటూ కార్లు దూసుకుపోతున్నాయి. బంకు దగ్గర మైలు పొడవు క్యూ. మూసేసిన కొట్లు. అయినా కారు చూడగానే క్యూలో వాళ్లంతా చేతులూపుతున్నారు. పెద్దాయన అద్దం దించబోతాడు.

"వద్దు సార్!"

"ఒక్కసారి అమ్మాయ్..."

"గెలిచొచ్చాక ఎంతసేపైనా ఊపండి సార్."

ఆయన చిన్నపిల్లాడిలా మూతి ముడుస్తాడు. ఆమెకి నవ్వొస్తుంది.

ముందు బ్రిడ్జి ఉంది. అది దాటితే సభ. నేరుగా వెళ్లడమే!

పైలట్ కారు ఎడమకి తిరుగుతుంది.

బ్రిడ్జి వదిలేసింది!

బాబాయ్ కళ్లార్పకుండా తనూ ఎడమకి తిప్పేస్తాడు.

ఆమె వైర్‌లెస్ అందుకుంటుంది.

"పైలట్, బ్రిడ్జి వదిలేశారేంటి?"

గరగర.

"బ్రిడ్జి మీద ఇబ్బంది మేడమ్. కింది దారిలో వెళ్తున్నాం."

డ్యూటీలో మేడమ్ అనే అంటాడు. అదీ ఒక ఆటే వాళ్లకి. కానీ ఇవాళ ఆ గొంతులో ఆట లేదు.

పైలట్ కారు మళ్లీ ఎడమకి తిరుగుతుంది. ఆ తర్వాత కుడికి.

ఫోన్!

"ఎక్కడున్నారమ్మా?" చీఫ్ విప్ గొంతు సన్నబడింది. "ఆఖరి ఉపన్యాసం నడుస్తోంది. మనవాడు చెప్పిందే చెబుతున్నాడు. వాళ్ల తాతగారి కథ కూడా అయిపోయింది. మంచినీళ్లు తాగి ముత్తాతని మొదలెట్టాడు!"

"గోడౌన్ల వైపున్నాం సార్."

"గోడౌన్లా? అదేంటి... అటెందుకెళ్లారు? సభ ఇటు కదా!"

ఆమె చటుక్కున తల తిప్పుతుంది.

అద్దంలోంచి వెనక్కి చూస్తుంది.

వెనక కారు లేదు!

"వెనక కారు! వెనక కారు! ఎక్కడున్నారు?"

"ఆస్పత్రి మలుపులోనే ఆగాం మేడమ్. కంట్రోల్ రూమ్ ఆగమంది."

"ఎందుకు?"

"కారణం చెప్పలేదు మేడమ్."

కంట్రోల్ రూమ్ ఎవరి కింద ఉంటుంది? హోంమంత్రి కింద!

"కంట్రోల్, ఏ రూట్‌లో తీసుకెళ్తున్నారు మమ్మల్ని?"

"రూట్ పైలట్‌కే చెబుతాం. రూల్ తెలుసుగా మేడమ్."

ఎంత మర్యాదగా చెప్పారో!

వెనకసీట్లో పెద్దాయన ముందుకి జరుగుతాడు.

"ఏంటమ్మాయ్, మీ ఆయన మనల్ని హనీమూన్‌కి గానీ తీసుకెళ్తున్నాడా?"

నవ్వాలి. నవ్వు రాదు.

ఆమె వైర్‌లెస్ నోటి దగ్గరికి లాక్కుంటుంది. మేడమ్, పైలట్ అన్నీ పక్కన పెట్టేస్తుంది.

"ఏమండీ... నిజం చెప్పండి. ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

గరగర.

"నన్ను నమ్ము."

అంతే!

ఆ ఒక్క మాటతో ఆమెకి పై ప్రాణాలు పైనే పోతాయి. ఎన్నడైనా అన్నాడా ఆ మాట? ఆ మాటతో ఎప్పుడైనా పని పడిందా?

"బాబాయ్, తోక వదిలెయ్! కుడికి తిప్పు!"

బాబాయ్ ఆమె వైపు చూడడు. చూపు ముందున్న ఎర్రలైట్ల మీదే ఉంది.

"నా సర్వీసులో తోక వదల్లేదమ్మా."

"ఇప్పుడు వదులు!"

"ఉద్యోగం పోతుంది."

"ఆయన ఉద్యోగం పోతోంది బాబాయ్!"

బాబాయ్ నుదుటి మీద చెమట. స్టీరింగ్ కదలదు.

వెనకనుంచి పెద్దాయన గొంతు. మెల్లగానే, కానీ గట్టిగా.

"ఆ అమ్మాయి చెప్పినట్టు చెయ్యవయ్యా. నేను చెబుతున్నా. తిప్పు!"

బాబాయ్ కళ్లు మూసుకుంటాడు. తిప్పేస్తాడు!

టైర్లు కీచుమంటాయి!

* * *

సన్నటి సందు. రెండు పక్కలా రేకుల షెడ్లు. ఎవరో ఆరేసిన దుప్పటి కారు అద్దం మీద పడుతుంది... ఎగిరిపోతుంది. ఖాళీ డ్రమ్ములు దొర్లుతాయి.

వెనక సైరన్.

పైలట్ కారు తిరిగింది! వెంటపడుతోంది!

మొగుడు తరుముతున్నాడు. పెళ్లాం పారిపోతోంది.

"ఇంకా తొక్కు బాబాయ్!"

"ముందు ఎవరూ లేకపోతే నాకు కాళ్లాడట్లేదమ్మా!"

"నేనున్నాగా! కుడి! ఇప్పుడు ఎడమ! ఎడమ అన్నానా!"

పక్కసందులోంచి పైలట్ కారు బాణంలా దూసుకొస్తుంది. ముందుకొచ్చి అడ్డంగా ఆగుతుంది.

బ్రేక్!

ధన్!

బంపర్లు గుద్దుకుంటాయి. పెద్దాయన తల ముందుసీటుకి కొట్టుకుంటుంది.

ఆమె అప్పటికే బయటుంది. చేతిలో తుపాకి!

తోకచుక్క దిగుతాడు.

"చేతులు పైకి!"

"ఏయ్... నేనే!"

"చేతులు పైకి అంటున్నానా!"

అతను చేతులెత్తుతాడు. పొద్దున ఇస్త్రీపెట్టె పట్టుకున్న చేతులే. వణుకుతున్నాయి.

ఆమె చేతులు వణకట్లేదు. ట్రైనింగ్ అలాంటిది. లోపల ఏం వణుకుతోందో ట్రైనింగ్‌కి తెలీదు.

"ఎంతకి అమ్ముడుపోయారు?"

"ఏంటీ?"

"ఎంతకి అని అడుగుతున్నా!"

అతని మొహంలో దెబ్బతిన్న చూపు.

"బ్రిడ్జి మీద షూటర్ ఉన్నాడు!" గొంతు చీరుకుపోయేలా అరుస్తాడు. "కంట్రోల్ రూమ్ చెప్పింది! మొదటి తూటా ముందుసీటుకేనట. గార్డుని పడగొట్టి, ఆ తర్వాత ఆయన్ని... ముందుసీట్లో ఎవరుంటారు? చెప్పు! ఎవరుంటారు?"

ముందుసీట్లో ఉండేది ఆమే.

"నాకెందుకు చెప్పలేదు?" అడుగుతుంది.

"చెబితే నువ్వు ఆయనకి చెబుతావు. ఆయన వింటాడా? కారు దిగి బ్రిడ్జి మీద నడిచెళ్తానంటాడు. నువ్వు ఆయనకి ముందు నడుస్తావు. కాదను! నడవవా?"

నడుస్తుంది. కాదనలేదు.

"గెలుపు పోతే పోయింది. కుర్చీలు వస్తాయి, పోతాయి. నువ్వు..." అతను పూర్తిచెయ్యలేకపోతాడు. "ఊరంతా తిప్పుతూ కూచుంటే చాలు, గండం గడుస్తుంది అన్నారు. తిప్పాను. అంతే."

సందు చివర నది కనబడుతోంది. నది మీద బ్రిడ్జి.

ఆమె తుపాకి దించదు. గడ్డంతో అటు చూపిస్తుంది.

"చూడండి."

"ఏంటి?"

"చూడమంటున్నా!"

బ్రిడ్జి మీద బస్సు వెళ్తోంది. దాని వెనక ఇంకో బస్సు. సైకిళ్లు. ఒక జంట రెయిలింగ్‌కి ఆనుకుని సెల్ఫీ తీసుకుంటోంది. ఆ పిల్ల జుట్టు గాలికెగిరి ఆ కుర్రాడి నోట్లో పడుతోంది. ఇద్దరూ విరగబడి నవ్వుతున్నారు.

"షూటర్ ఉంటే బ్రిడ్జి మూస్తారు కదా! పోలీసులు ఉంటారు కదా! ఆ పిల్లలిద్దర్నీ అక్కడ నవ్వుకోనిస్తారా?"

తోకచుక్క మొహంలో రక్తం చుక్క లేదు.

"అంటే..."

"ఎవరూ లేరు. ఒక్క తూటా ఖర్చు కాలేదు వాళ్లకి. కొత్తగా పెళ్లైన పైలట్‌ని చూసుకున్నారు. పెళ్లాం పోతుందని చెవిలో చెప్పారు. చాలు! ప్రధాని ఓటు పోయింది!"

అతను రోడ్డు మీద కూలబడతాడు.

పెద్దాయన కారులోంచి దిగి నిలబడి ఉన్నాడు. నుదురు బొప్పికట్టింది. అంతా విన్నాడు. ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాడు.

"లేవయ్యా," అంటాడు. "నీ తప్పేం లేదు. పెళ్లాం మీద ప్రేమున్నవాణ్ని ఎవరైనా మోసం చెయ్యచ్చు."

ఎంత పెద్దమనసు! ఆమె కళ్లు చెమరుస్తాయి.

ఫోన్!

"గంట!" చీఫ్ విప్ ఏడుస్తున్నాడు. "మోగుతోంది! వినబడుతోందా? మోగుతోందమ్మా!"

ఫోన్‌లోంచి గణగణ.

"ఎక్కండి సార్! అందరూ ఒకే కారులో! బాబాయ్, బ్రిడ్జి!"

తోకచుక్క తన కారుని పక్కకి లాగి వచ్చి వెనక సీట్లోకి దూకుతాడు. బాబాయ్ ముందు తోక లేదు. ఎర్రలైట్లు లేవు. రోడ్డొకటే ఉంది. ఆయన దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూస్తాడు. తర్వాత పళ్లు కొరికి తొక్కుతాడు!

బ్రిడ్జి ఎక్కగానే తోకచుక్క వెనకనుంచి ఆమె భుజాలు పట్టుకుని కిందికి వంచబోతాడు.

"ఒంగో! ఒకవేళ నిజమైతే..."

ఆమె ఒంగదు. నిటారుగా కూర్చుంటుంది. అద్దంలోంచి నీళ్ల మీద దీపాలు కనబడుతున్నాయి. ఎంత బాగున్నాయో!

ఏ తూటా రాదు.

ఏమీ రాదు.

సభ మెట్లు! కారు తలుపు తీస్తూనే పరుగు! పెద్దాయన మోకాళ్లు మొరాయిస్తున్నాయి. తోకచుక్క ఒక రెక్క, ఆమె ఒక రెక్క. మోసుకుంటూ ఎక్కుతున్నారు. మెట్ల మీద జనం. కెమెరాలు. గంట ఇంకా మోగుతోంది. ఇంకా మోగుతోంది!

తలుపు కనబడుతోంది. తెల్లబట్టల ద్వారపాలకుడు దాన్ని పట్టుకుని ఉన్నాడు. వీళ్లని చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. రండి, రండి అంటున్నాయి పెదాలు...

గంట ఆగిపోయింది.

తలుపు మూసుకుంది.

గడియ పడిన చప్పుడు.

"తియ్యండి!" పెద్దాయన రెండు చేతులతో బాదుతాడు. "ప్రధానిని! నేను ప్రధానిని! తియ్యండయ్యా!"

తలుపు అద్దంలోంచి ద్వారపాలకుడి మొహం. చెంపల మీద నీళ్లు. తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆయన వెనక చేతులు లేస్తున్నాయి. దిగుతున్నాయి. మళ్లీ లేస్తున్నాయి. సెలైన్ బాటిల్ పట్టుకున్న చెయ్యి కూడా కనబడుతోంది.

సరిసమానం!

స్పీకర్ లేచి నిలబడతాడు. తన ఓటు చెబుతాడు.

అయిపోయింది.

* * *

పెద్దాయన మెట్ల వైపు తిరుగుతాడు.

కింద జనం. కబురు ఎలా తెలిసిందో గానీ వందలమంది వచ్చారు. ఇంకా వస్తున్నారు.

ముందు అందరూ ఆయన్నే చూస్తారు. తర్వాత వెనకనుంచి ఎవడో...

"ఇంతసేపూ ఎక్కడ తిరిగావయ్యా?"

"దారి తప్పాడంట!"

"సొంత ఊళ్లోనా?"

కిసుక్కున ఒక నవ్వు. పక్కన ఇంకొకటి. నవ్వు అంటుకుంటుంది. మెట్లెక్కి పైకొస్తోంది.

ఆమె పెద్దాయన మొహం చూస్తుంది.

ఇలాంటి మొహం ఎప్పుడూ చూడలేదు. తిట్లు పడతాడు. శాపనార్థాలు పడతాడు. చొక్కా చింపినా పడతాడు. కానీ నవ్వు... నవ్వు ఆయన వల్ల కాదు! నిలబడ్డచోటే ఆయన ముసలివాడైపోతున్నాడు.

తలుపులు తెరుచుకుంటాయి.

"బావగారూ!"

వియ్యంకుడు. రెండు చేతులూ చాచి వస్తున్నాడు. పెద్దాయన్ని గుండెలకి హత్తుకుంటాడు. కళ్లలో నీళ్లు కూడా!

"బతికొచ్చారు బావగారూ! నాకదే చాలు! అదే చాలు!"

జనం నవ్వు ఆగుతుంది. బతికి రావడమేంటి?

వియ్యంకుడు కెమెరాల వైపు తిరుగుతాడు. మైకులు ముసురుకుంటాయి.

"ఈ సాయంత్రం మన పెద్దాయన మీద హత్యాయత్నానికి కుట్ర జరిగింది! బ్రిడ్జి మీద మనిషిని పెట్టారని మా కంట్రోల్ రూమ్‌కి సమాచారం వచ్చింది. వెంటనే సురక్షితమైన దారి ఇచ్చాం. కానీ మధ్యలో కారు ఆ దారి వదిలేసింది. నేరుగా బ్రిడ్జి మీదికే తీసుకెళ్లింది!"

హా... అని జనం ఊపిరి.

ఆమె కాళ్లకింద మెట్టు కదిలినట్టవుతుంది.

వియ్యంకుడు బాబాయ్ భుజమ్మీద చెయ్యేస్తాడు.

"పెద్దమనిషివి. ఉన్నదున్నట్టు చెప్పు. పైలట్ తోక వదలమన్నది ఎవరు?"

"అమ్మాయే సార్. కానీ..."

"విన్నారుగా!" మైకు పక్కకి జరిగిపోతుంది. తోకచుక్క ముందు ఆగుతుంది. "షూటర్ ఉన్నాడని కంట్రోల్ రూమ్ నీకు చెప్పిందా లేదా?"

"చెప్పింది. కానీ అది పచ్చి అబద్..."

మైకు అతని ముందు లేదు. ఆమె ముందుంది.

"పైలట్ కారు కెమెరాలో అంతా కనబడింది. పైలట్ అడ్డం పడితే నువ్వు అతని మీద తుపాకి గురిపెట్టావా? కట్టుకున్న మొగుడి మీద?"

"పెట్టాను. ఎందుకంటే..."

ఎందుకంటే ఎవరిక్కావాలి? కింద గోల మొదలైంది. చెప్పు ఒకటి ఎగిరొచ్చి ఆమె భుజానికి తగులుతుంది. దొంగ మడత మీద మట్టి.

ఒక్కడూ అబద్ధమాడలేదు. అందరూ నిజమే చెప్పారు.

కానీ ఇంకొకాయన ఉన్నాడు. అన్నీ విన్నాయన. తిప్పు అని తన నోటితో చెప్పినాయన. ఆయన ఒక్క మాటంటే చాలు!

"సార్!" ఆమె ఆయన వైపు తిరుగుతుంది. "చెప్పండి సార్!"

పెద్దాయన ఆమెని చూడట్లేదు.

జనాన్ని చూస్తున్నాడు.

ఎవరూ నవ్వట్లేదు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటున్నారు. వెనక ఎవడో వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మా పెద్దాయన్ని చంపబోయారట! మా పెద్దాయన్ని! మెట్ల కిందనుంచి చేతులు పైకి చాచుతున్నారు.

దారి తప్పిన ముసలాడా? చావు తప్పించుకున్న నాయకుడా?

ఆమెకి అర్థమవుతుంది. ఆయన నోరు తెరవకముందే అర్థమవుతుంది.

"నిజమే," అంటాడు పెద్దాయన. "కారు తిప్పమన్నది ఈ అమ్మాయే."

"సార్... మీరే కదా సార్..."

"చిన్నపిల్ల." ఆయన గొంతు బొంగురుపోతుంది. "ఎవరో వాడుకుని ఉంటారు. నా కూతురు లాంటిది. నేను క్షమిస్తున్నాను."

జనం ఊగిపోతారు!

"పెద్దాయనకీ..."

"జై!"

వెనకనుంచి ఎవరో ఆమె చేతులు విరిచి పట్టుకుంటారు. నడుము దగ్గర తుపాకి బరువు పోతుంది. మణికట్ల మీద చల్లటి ఇనుము.

"అబద్ధం! వదలండి దాన్ని! అది నా తప్పు! నాది!" తోకచుక్క వాళ్ల మీదికి దూకుతాడు. నలుగురు అతన్ని మెట్లకేసి నొక్కుతారు. "అడగండి నన్ను! ఎవరైనా అడగండి!"

ఎవరూ అడగరు. జేజేల్లో అతని గొంతు ఎక్కడ వినబడుతుంది?

వియ్యంకుడు హాయిగా ఊపిరి పీలుస్తాడు. కుర్చీ దక్కింది. గొడవ కూడా తప్పింది. మైకు ముందుకి వంగుతాడు. ప్రమాణ స్వీకారం గురించి చెప్పబోతాడు.

పెద్దాయన చెయ్యి మైకు మీద పడుతుంది. లాక్కుంటుంది!

"కుర్చీ పోయింది!"

జనం మెట్లకి దగ్గరగా జరుగుతారు.

"పోనీయండి! ప్రాణం మిగిలింది! ఈ ప్రాణం ఎవరిది?"

"మాది!"

"నన్ను చంపాలని కాపు కాసిన ఆ బ్రిడ్జి మీదే... గార్డుల్లేకుండా... కాలినడకన నడుస్తా! దమ్ముంటే కాల్చమను!"

వియ్యంకుడి నవ్వు మొహమ్మీదే ఎండిపోతుంది. అక్కడ ఎవరూ లేరని చెప్పలేడు. ఉన్నారని తనే చెప్పాడు!

పెద్దాయన వెన్ను నిటారుగా నిలుస్తుంది. మొహం వెలుగుతోంది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో!

ఆమెని మెట్ల మీద నుంచి కిందికి ఈడుస్తున్నారు. జనం దారి ఇస్తున్నారు. దారి ఇస్తూ ఉమ్ముతున్నారు. ఆ ముసలి గొంతు ఆమె తలమీదుగా, ఊరి మీదుగా మోగుతోంది.

"రేపు పొద్దున్నే! తెల్లారగానే! బ్రిడ్జి ఈ చివర్నుంచి ఆ చివరికి! ఎవరొస్తారు నాతో?"

"మేమొస్తాం!"

"వినబడలేదు!"

"మేమొస్తాం!"

"అయితే రేపు!" అంటాడు పెద్దాయన, రెండు చేతులూ జనానికి అందిస్తూ. "రేపు పొద్దున్నే!"